పార్కిన్సన్స్ ఉన్న నాన్నగారు నిద్రలో కొడుతున్నారు, అమ్మకి కంటి మీద కునుకు లేదు

పాలకొల్లు_పద్మ
నాన్నగారికి 68. పార్కిన్సన్స్ అని తెలిసి నాలుగేళ్ళు దాటింది. పగలు ఫర్వాలేదు. సిండోపా ప్లస్ రోజుకి మూడుసార్లు వేస్తున్నాం, చెయ్యి వణుకు తగ్గింది, వీధి చివర గుడి దాకా నడిచి వస్తారు. గొడవంతా రాత్రే. తెల్లవారుజామున మూడు, నాలుగు మధ్య ఉన్నట్టుండి అరుపులు, బూతులు, కాళ్ళతో తన్నడం. ఆయన నోట బూతు మాట మేం పుట్టాక వినలేదు. మొన్న అమ్మ చెంప మీద గట్టిగా తగిలి కన్ను కింద కమిలిపోయింది. లేపితే వెంటనే తెలివిలోకి వచ్చేస్తారు, "కుక్కలు మీద పడ్డాయే, తరుముతున్నా" అంటారు. అమ్మ మొహం చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు.

ఇది కాక రాత్రి నాలుగైదుసార్లు ఒంటేలుకి లేవాలి. పక్క మీద ఒత్తిగిల్లడానికి కూడా అమ్మే పట్టాలి. పగలేమో పేపరు చేతిలో ఉండగానే నిద్రపోతారు. డాక్టరుగారికి చెబితే "వయసు మీద పడ్డాక నిద్ర అంతేనమ్మా" అని నిద్రమాత్ర రాశారు. అది వేసుకున్న రాత్రి బాత్రూముకి వెళ్తూ తూలిపోయారు, అమ్మ పట్టుకోబట్టి సరిపోయింది. ఆపేశాం. మా పెద్దత్త గాలి సోకింది, తాయెత్తు కట్టించమంటోంది. ఎవరింట్లోనైనా ఇలా ఉందా? ఇది జబ్బులో భాగమా, మందుల వల్లా?

శీను_కూకట్‌పల్లి
అచ్చం మా మామగారే. మా అత్తగారు మధ్యలో దిళ్ళు పేర్చుకుని పడుకుంటారు. గాలీ లేదు ధూళీ లేదు, జబ్బే.

సీమ_చిన్నోడు
తాయెత్తు కట్టించుకోండి, పెద్దామె మనసు కుదుటపడుతుంది. దాంతో ఆగకుండా ఇంకో డాక్టరుకి సూపించండి. రెండూ చేస్తే ఎవురికీ నష్టం లేదు.

న్యూరో_నర్సు_విజయ
పద్మగారూ, మీరు రాసింది ఒక ఇబ్బంది కాదు. మూడు నాలుగు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూడాలి, ఎందుకంటే ఒకదానికి ఇచ్చే మందు ఇంకోదాన్ని పెంచుతుంది. మీ నాన్నగారు నిద్రమాత్ర వేసుకుని తూలింది అందుకే.

మొదట తన్నడం, అరవడం. దీన్ని ఆర్‌బీడీ (రెమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్) అంటారు. కలలొచ్చే దశని రెమ్ నిద్ర అంటాం. ఆ సమయంలో మెదడు కాండం నుంచి సంకేతం వెళ్ళి ఒంట్లో కండరాలన్నీ సడలిపోతాయి. కళ్ళు కదులుతాయి, ఊపిరి ఆడుతుంది, అంతే. అందుకే కలలో ఎంత పరిగెత్తినా మనం మంచం మీదే ఉంటాం. ఆర్‌బీడీలో ఆ సడలింపు జరగదు. కలలో కుక్కని తంతే నిజం కాలే లేస్తుంది. రెమ్ నిద్ర రాత్రి రెండో సగంలో ఎక్కువ, కాబట్టి మీరు చెప్పిన వేళ సరిగ్గా సరిపోయింది. లేపగానే తెలివి రావడం, కల గుర్తుండటం కూడా దీని లక్షణాలే. నిద్రలో నడిచేవాళ్ళని లేపితే అయోమయంగా చూస్తారు, వీళ్ళు అలా కాదు. కలలు కూడా చాలామందికి ఇదే తీరు: ఎవరో మీదకి రావడం, జంతువులు తరమడం, తనవాళ్ళని కాపాడుకోబోవడం. ఆయన మనసులో అమ్మ మీద కోపం ఉందని కాదు. ఈ ఒక్క మాట మీ అమ్మానాన్నలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పండి. మా వార్డులో ఎంతోమంది భార్యలు "ఇన్నేళ్ళూ దాచుకున్న కోపం ఇప్పుడు బయటపడుతోందా" అని చాటుగా ఏడ్చారు.

ఈ రాత్రికి చెయ్యాల్సింది: మంచం పక్క స్టూలు, గాజు గ్లాసు, టేబుల్ ఫ్యాను తీసెయ్యండి. మంచం ఎత్తు తగ్గించండి, లేదా పక్కన నేల మీద ఇంకో పరుపు వెయ్యండి. అమ్మ మంచం చెయ్యి చాపినా అందనంత దూరంలో, పిలిస్తే వినపడేంత దగ్గరలో ఉండాలి.

హన్మకొండ_బిడ్డ
విజయక్కా, మా బాపుకు ఈ తన్నుడు చేతులు వణుకుడు మొదలుగాక ముందుకెళ్ళే ఉండె. మేము చిన్నగున్నప్పుడు బాపు పక్కల పండాలంటేనే భయం. అమ్మ నవ్వుకుంట "మీ బాపు రాత్రి కుస్తీ పడతడు" అనేది. శానా ఏండ్లకు పార్కిన్సన్స్ అన్నరు. రెండిటికి సంబంధం ఉన్నదా?

న్యూరో_నర్సు_విజయ
ఉంది తమ్ముడూ. ఆర్‌బీడీ ముందొచ్చి వణుకు పదేళ్ళ తర్వాత రావడం అరుదేమీ కాదు.

బెజవాడ_ల్యాబ్
ఆ ముక్క గురించి కొంచెం చదివాను. ఈ జబ్బుని మొదట స్పష్టంగా వర్ణించింది 1986లో, అమెరికాలోని మిన్నెసోటాలో షెంక్, మహోవాల్డ్ అనే ఇద్దరు డాక్టర్లు. వేరే ఏ జబ్బూ లేకుండా ఆర్‌బీడీ ఒక్కటే ఉన్న 29 మంది పెద్దవయసు మగవాళ్ళని వాళ్ళు గమనిస్తూ వచ్చారు. 1996 నాటికి 38 శాతం మందికి పార్కిన్సన్స్ లాంటి జబ్బు బయటపడింది. తర్వాత 16 ఏళ్ళకి మళ్ళీ లెక్క చూస్తే 81 శాతం. పార్కిన్సన్స్ గానీ, దాని జాతికే చెందిన మతిమరుపు జబ్బు గానీ వచ్చింది. అందుకే ఇప్పుడు నిద్రలో తన్నేవాళ్ళ మీద ఇంత పరిశోధన జరుగుతోంది. వణుకు రాకముందే జబ్బుని పట్టుకోవచ్చని ఆశ.

ఇంకోటి. "వయసు" అని కొట్టిపారేసిన డాక్టరుగారి మాట విని రాస్తున్నాను. 1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగుల గురించి రాసిన మొట్టమొదటి వ్యాసంలోనే నిద్ర బాగా చెడిపోతుందని ఉంది. ఇది కొత్తగా ఎవరో కనిపెట్టిన సంగతి కాదు.

శీను_కూకట్‌పల్లి
ల్యాబ్ గారూ, ఇది చదివి మా ఆవిడ నన్ను అనుమానంగా చూస్తోంది. నేను నిద్రలో మాట్లాడతాను.

న్యూరో_నర్సు_విజయ
శీనుగారూ, నిద్రలో గొణగడం వేరు. చాలామంది గొణుగుతారు. కలకి తగ్గట్టు కాళ్ళూ చేతులూ విసరడం ఉంటేనే చూపించుకోవాలి. డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రల వల్ల కూడా ఇది వస్తుంది, కాబట్టి ఎవరికి వాళ్ళు పార్కిన్సన్స్ అని బెంగపడొద్దు.

తెనాలి_మాస్టారు
నేను రోగిని. ఇంటివాళ్ళు రాసేది చదివాక, లోపల ఎలా ఉంటుందో మా వైపు నుంచి చెప్పాలనిపించింది.

తన్నడం కంటే పక్క మీద తిరగలేకపోవడం నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎనిమిదింటికి ఆఖరి మాత్ర వేసుకునేవాణ్ణి. అర్ధరాత్రి దాటేసరికి ఒళ్ళు నా మాట వినదు. ఎడమ పక్కకి తిరగాలని మనసులో ఉంటుంది, భుజం లేవదు. దుప్పటి అంచు వేళ్ళకి తగులుతూనే ఉంటుంది, లాక్కోలేను. చెవి మడతపడి దిండు కింద నొక్కుకుని మండుతున్నా సరిచేసుకోలేను. మా ఆవిడని లేపాలంటే మనసొప్పదు, పగలంతా చాకిరీ చేసి అప్పుడే కునుకు పట్టి ఉంటుంది. గొంతు కూడా రాత్రిళ్ళు సన్నబడిపోతుంది. ఆ చీకట్లో గోడ గడియారం టిక్కు టిక్కు వింటూ పడుకున్నప్పుడు వచ్చే ఆలోచనలు మంచివి కావు. పగటి వణుకు నలుగురికీ కనపడుతుంది, నలుగురూ జాలిపడతారు. రాత్రి పడే అవస్థ ఎవరూ అడగరు, మనమూ చెప్పం.

కారణం తర్వాత తెలిసింది. మామూలు సిండోపా రక్తంలో ఎక్కువసేపు నిలవదు, గంటన్నరకే సగానికి పడిపోతుంది. రాత్రంతా ఖాళీ అన్నమాట. మా డాక్టరుగారు పడుకునే ముందు నెమ్మదిగా కరిగే సీఆర్ మాత్ర కలిపారు. పూర్తిగా పోలేదు గానీ తెల్లవారుజాము దాకా కొంత కదలిక ఉంటోంది.

మందు కాక రెండు ఉపాయాలు. మా ఆవిడ పాత పట్టుపంచె ఒకటి మడతపెట్టి నడుము కింద, పిరుదుల కింద వచ్చేలా పక్క మీద పరిచింది. నూలు దుప్పటి మీద నూలు లుంగీ అతుక్కుపోతుంది, పట్టు మీద ఒళ్ళు జారుతుంది. ఇంకోటి, పాత నూలు చీర మెలితిప్పి కాళ్ళవైపు మంచం కోడుకి కట్టి, కొస నా చేతికి అందేలా పక్కన పెట్టుకుంటాను. మధ్యలో రెండు మూడు ముడులు వేస్తే పట్టు దొరుకుతుంది. లేచి కూర్చోవాలంటే దాన్ని పట్టుకుని లాక్కుంటాను.

పాలకొల్లు_పద్మ
మాస్టారూ, ఇది అమ్మకి చదివి వినిపించాను. నాన్నగారు పక్కనే ఉన్నారు. "అదే, సరిగ్గా అదే" అన్నారు. ఇన్నాళ్ళూ మాకెవరికీ చెప్పలేదు ఆయన.

ఫిజియో_కాకినాడ
మాస్టారి పట్టుపంచె ఉపాయం బంగారం, ఒక్క జాగ్రత్త. మంచం అంచు దాకా పరవొద్దు. లేచి అంచు మీద కూర్చున్నప్పుడు జారి కింద కూలబడతారు. నడుము భాగానికి మాత్రమే, కొసలు పరుపు కింద బిగించి దోపాలి.

తిరగడానికి వరస కూడా ఉంది. ముందు రెండు మోకాళ్ళూ మడవాలి. తల తిరగాల్సిన వైపు తిప్పాలి. అవతలి చెయ్యి ఛాతీ మీదుగా ఈ పక్కకి తెచ్చి, మోకాళ్ళు రెండూ ఆ పక్కకి పడెయ్యాలి. నడుము, భుజం వాటంతటవే వస్తాయి. పార్కిన్సన్స్ వాళ్ళకి మొత్తం కదలిక ఒక్కసారిగా చెయ్యమంటే రాదు, ముక్కలు చేసి పైకి చెప్పుకుంటూ చేస్తే వస్తుంది. పగలు మందు పనిచేస్తున్న వేళ సాధన చేయించండి, రాత్రికి అలవాటవుతుంది. నవారు మంచం, కుంగిపోయిన దూది పరుపు అస్సలు వద్దు. గట్టి పరుపు, తేలికపాటి దుప్పటి.

డాలస్_సుబ్బు
నిద్రకి వాడే మెలటోనిన్ మాత్ర గురించి ఎవరూ చెప్పలేదు. అమ్మకి ఇక్కడ డాక్టరు ఆర్‌బీడీకి మెలటోనినే మొదలుపెట్టారు. 3 మిల్లీగ్రాములతో మొదలెట్టి మెల్లగా పెంచారు. అరుపులు బాగా తగ్గాయి.

గుంటూరు_గిరి
మా నాన్నకి క్లోనజెపామ్ అనే మత్తు మాత్ర ఇచ్చారు, ఒక్క పావు మాత్రకే తన్నుడు ఆగిపోయింది. చవక కూడా. మెలటోనిన్ కంటే ఇదే మేలు.

నెల్లూరు_లలిత
గిరిగారూ, అందరికీ అదే మేలు అనకండి దయచేసి. మా అమ్మమ్మకి క్లోనజెపామ్ ఇస్తే పొద్దున పదింటి దాకా మత్తు వదిలేది కాదు. బాత్రూములో పడి తుంటి ఎముక విరిగింది. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ సరిగ్గా నడవలేదు.

గుంటూరు_గిరి
అయ్యో. మా నాన్నకి పడింది కాబట్టి చెప్పాను లలితగారూ. ఆయనకి నడక బాగానే ఉంది.

న్యూరో_నర్సు_విజయ
ఇద్దరూ చెప్పింది నిజమే. క్లోనజెపామ్ ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నారు, చాలామందికి పనిచేస్తుంది. కానీ పడిపోయే అలవాటు, మతిమరుపు, గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగడం, వీటిల్లో ఏది ఉన్నా ప్రమాదం. అలాంటివాళ్ళకి మెలటోనిన్‌తో మొదలెట్టడం నయం. గురక సంగతి డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి. ఊపిరి ఆగి ఆగి వచ్చేవాళ్ళు కూడా నిద్రలో కొట్టుకుంటారు, అది ఆర్‌బీడీలాగే కనిపిస్తుంది. రాత్రంతా తీగలు పెట్టి చేసే నిద్ర పరీక్షతో రెండిటికీ తేడా తెలుస్తుంది.

మందులషాపు_బాషా
కౌంటరు దగ్గర నేను రోజూ చూసేవి కొన్ని.

పార్కిన్సన్స్‌కి ఇచ్చే సెలెజిలిన్, అమాంటడిన్ మాత్రలు సాయంత్రం పూట వేసుకుంటే నిద్ర పట్టదు. అవి పొద్దున, లేదంటే మధ్యాహ్నం లోపు వేసుకోవాల్సినవి. చీటీలో రోజుకి రెండు అని ఉంటే ఒకటి రాత్రికి పెట్టుకుంటారు మనవాళ్ళు. వేళలు అడిగి రాయించుకోండి.

పాసిటేన్ వణుకుకి మంచిదే కానీ పెద్దవాళ్ళకి మతి తప్పిస్తుంది, ఒంటేలు బిగబడుతుంది.

వాంతులకి పెరినార్మ్, స్టెమెటిల్, తల తిరుగుడికి స్టుజెరాన్, ఇవి పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. జబ్బు ముదిరినట్టు బిగుసుకుపోతారు. ఊళ్ళో ఎవరి దగ్గరికి వెళ్ళినా "మాకు పార్కిన్సన్స్ ఉంది" అని ముందు చెప్పండి.

మదనపల్లె_మంజుల
బాషా అన్నా, మా నాయన రాత్రి మాత్ర పాలతోనే వేసుకుంటాడు, కడుపులో మంట రాకుండా. పర్లేదా?

మందులషాపు_బాషా
పాలొద్దమ్మా. సిండోపా కూడా మాంసకృత్తుల దారిలోనే పేగుల్లోంచి రక్తంలోకి వెళ్తుంది. పాలు, పప్పు, గుడ్డు కడుపులో ఉంటే అవి ముందు దూరి మందుని ఆపేస్తాయి. తిండికి అరగంట ముందు, లేదా తిన్న గంట తర్వాత, మంచినీళ్ళతో. వికారంగా ఉంటే రెండు ఉప్పు బిస్కెట్లు తిననివ్వండి. సీఆర్ మాత్రని నూరొద్దు, నమలొద్దు.

మదనపల్లె_మంజుల
అందుకేనేమో రాత్రి మాత్ర ఎప్పుడూ పట్టినట్టే ఉండదు. ఈ పూటనుంచి నీళ్ళతోనే.

సీమ_చిన్నోడు
ఒక సంగతి చెప్పాల, ఇంట్లో గుట్టు అయినా. మా నాయన రాత్రిళ్ళు నిద్రపోడు, ఫోను పట్టుకోని రమ్మీ ఆడతాండె. నిద్ర పట్టక ఆడతన్నాడనుకున్న్యాం. చీటీ డబ్బులు పోయినాయి, అమ్మ గాజులు తాకట్టుకి పోయినాయి. జన్మలో పేక ముక్క ముట్టని మనిషి. ఊర్లో అందురూ ముసలోడికి బుద్ధి చెడింది అన్న్యారు. ఆఖరికి డాక్టరు అడిగినాడు, ఏ మందులు వాడతన్నారని. పార్కిన్సన్స్‌కే ఇచ్చే ప్రామిపెక్సోల్ అనే మాత్ర వల్లంట. దాంతో కొందరికి జూదం, కొనుగోళ్ళు, తిండి, ఇట్టాంటివాటి మీద ఆపుకోలేని యావ పుడుతుందంట. మెల్లమెల్లగా తగ్గించి ఆపినారు, ఆట దానంతట అదే పోయింది. మా నాయన తప్పు కాదు అది. ఎవురింట్లోనన్నా ఉన్నట్టుండి ఇట్టా మారితే తిట్టొద్దండి, మందుల చీటీ చూడండి.

హన్మకొండ_బిడ్డ
గిది మాకెవ్వలు చెప్పలేదన్నా. మా బాపుకు సుత అదే మాత్ర ఉన్నది. ఆట గీట ఏం లేదు గని పగటిపూట కూసున్నకాడ్నే నిద్రల పడుతున్నడు. అన్నం తినుకుంట తినుకుంట. ఇంకా స్కూటరు నడుపుతున్నడు.

న్యూరో_నర్సు_విజయ
తమ్ముడూ, స్కూటరు తాళాలు ఇవాళే తీసుకో. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ రకం మందులతో కొందరికి ముందు ఆవలింత కూడా రాకుండా టక్కున నిద్ర ముంచుకొస్తుంది. బండి మీద అలా వస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కానీ మాత్ర మీరే ఆపెయ్యొద్దు. ఒక్కసారి ఆపితే విపరీతమైన ఆందోళన, ఒళ్ళు నొప్పులు, చెమటలు పడతాయి. డాక్టరే తగ్గించాలి.

హన్మకొండ_బిడ్డ
తాళాలు దీస్కున్న. కొట్లాట అయింది. మనవరాలు "తాతా నన్ను నువ్వు నడిపిచ్చుకుంట బడికి తీస్కపో" అన్నంక చల్లవడ్డడు.

విశాఖ_సుజాత
పేషెంటు గురించి అందరూ రాస్తున్నారు. భార్యగా నేనో మాట.

మావారికి చిన్న వయసులోనే వచ్చింది, 50 దాటకముందే. నేను బడిలో పాఠాలు చెబుతాను. రాత్రి తిప్పడం, బాత్రూముకి తీసుకెళ్ళడం, తడిసిన పక్క మార్చడం. పొద్దున ఎనిమిదింటికి పిల్లల ముందు నిలబడితే బోర్డు మీద అక్షరాలు కదిలేవి. నాకు బీపీ వచ్చింది, చీటికీమాటికీ ఆయన మీద విసుక్కున్నాను. వేరే మంచం వేసుకుందామంటే మా అత్తగారింట్లో "మొగుడికి బాగాలేనప్పుడే పక్క వేరు చేసుకుంటారా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నేను ఎవరి మాటా వినలేదు. వేరే మంచం వేశాను. వారంలో రెండు రాత్రులు మా మరిది వచ్చి పడుకుంటాడు, ఆ రెండు రాత్రులూ నేను తలుపేసుకుని నిద్రపోతాను. మిగతా రాత్రులకి ఆయన చేతికి అందేలా కాలింగ్ బెల్ మీట పెట్టించాను, తీగ లేనిది. పద్మా, ముందు అమ్మ నిద్ర చూడు. ఆవిడ పడిపోతే నాన్నగారిని చూసేవాళ్ళుండరు.

రాజమండ్రి_సూర్యం
అమ్మా, మీ కష్టం కాదనను. కానీ పెద్దవయసు మనిషిని రాత్రి ఒంటరిగా వదిలితే భయపడతారు. మా అన్నగారు అలాగే బెల్లు కొట్టడం మర్చిపోయి లేవబోయి పడ్డారు. పక్కన మనిషి ఉండాల్సిందే.

విశాఖ_సుజాత
సూర్యంగారూ, మనిషి ఉండాలి. ఆ మనిషి ప్రతి రాత్రీ భార్యే ఎందుకవ్వాలి? కొడుకులు, కోడళ్ళు, తమ్ముళ్ళు ఉన్నారుగా. వంతులేసుకోండి.

నెల్లూరు_లలిత
సుజాతగారికి నా ఓటు.

రాజమండ్రి_సూర్యం
వంతుల మాట ఒప్పుకుంటున్నాను. మా ఇంట్లో వదినగారే అన్నీ చూశారు. ఆ సంగతి మేం మగవాళ్ళం పట్టించుకోలేదు.

ఒంగోలు_వాసు
మా అమ్మ రాత్రి పదకొండు దాటాక వాకిట్లో చిన్నపిల్లలు ఆడుకుంటున్నారు, లోపలికి పిలవండి అంటుంది. భయపడదు, నవ్వుతూనే చెబుతుంది. ఇదీ ఆర్‌బీడీయేనా?

న్యూరో_నర్సు_విజయ
కాదు, మెలకువలో కనపడేది వేరు. జబ్బు వల్లా రావచ్చు, మందుల వల్లా రావచ్చు. ఈ మధ్యే మొదలైతే ముందు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో పరీక్ష చేయించండి. నీళ్ళు తక్కువ తాగినా, మలబద్ధకం ఉన్నా పెరుగుతుంది. "ఎవరూ లేరు, నీకు పిచ్చి" అని వాదించొద్దు. లైటు వేసి, పక్కన కూర్చుని మాట మార్చండి. భయపడే స్థాయికి వస్తే న్యూరాలజిస్టు మందిస్తారు. ఇలాంటి భ్రమలకి వాడే హాలోపెరిడాల్ మాత్రం ఎవరిచ్చినా వద్దనండి, పార్కిన్సన్స్ వాళ్ళని కొయ్యలా బిగించేస్తుంది. అదే పనికి వాడే క్వెటియాపిన్, క్లోజపిన్ లాంటివి వేరు, అవి అలా బిగించవు.

కడియం_నర్సరీ
దూలగొండి గింజల పొడి వాడితే నిద్ర పడుతుందని మా ఊళ్ళో అంటారు. పొలం గట్ల మీద దొరుకుతుంది.

మందులషాపు_బాషా
దూలగొండిలో ఉన్నది లెవోడోపానే, సిండోపాలో ఉన్న అదే మందు. ఉత్తిది అనుకుని రెండూ కలిపేస్తే మోతాదు ఎక్కువై ఒళ్ళు మెలికలు తిరుగుతుంది, బీపీ పడిపోతుంది. గింజగింజకీ మందు శాతం మారుతుంది కూడా. వాడాలనుకుంటే డాక్టరుకి చెప్పి వాడండి.

బెజవాడ_ల్యాబ్
ఓపీలో అయిదు నిమిషాలే దొరుకుతాయి కదా. నిద్ర గురించి అడగడానికే 2002లో 15 ప్రశ్నల పత్రం ఒకటి తయారైంది, పార్కిన్సన్స్ వాళ్ళ కోసమే. జీవితం ఎంత సాఫీగా సాగుతోందో కొలిచే 39 ప్రశ్నల పత్రం ఇంకోటి ఉంది. అందులో కూడా పగటి నిద్ర, పీడకలలు అడుగుతారు. అవి మన చేతికి రాకపోయినా, మనమే ఒక వారం రాసుకుని తీసుకెళ్తే డాక్టరుకి సగం పని అయిపోతుంది.

న్యూరో_నర్సు_విజయ
అదే చెప్పబోతున్నాను. తెల్లకాగితం మీద గంటల వారీగా రాయండి: మాత్ర వేసిన వేళ, తిన్న వేళ, నిద్రపోయిన వేళ, లేచిన ప్రతిసారీ ఎందుకు లేచారో. ఒంటేలుకా, తిరగలేకా, కాలి వేళ్ళు మెలితిరిగే నొప్పికా, కలకా, చెమటకా. పగటి కునుకులు కూడా. తన్నేటప్పుడు ఫోన్లో ఒక నిమిషం వీడియో తియ్యండి. హైదరాబాద్ నిమ్స్‌లోనూ విశాఖ కేజీహెచ్‌లోనూ న్యూరాలజీ ఓపీలు ఉన్నాయి. ఎక్కడికెళ్ళినా ఈ కాగితం, ఈ వీడియో ముందు పెట్టండి.

రాత్రి ఒంటేలు గురించి పద్మగారికి: సాయంత్రం ఆరు తర్వాత టీ, కాఫీ, నీళ్ళు తగ్గించండి, పగలు మాత్రం బాగా తాగాలి. మంచం పక్కనే యూరిన్ పాట్ పెట్టండి. లేవగానే నిలబడనివ్వొద్దు, కాళ్ళు కిందకి వేసి కాసేపు కూర్చోవాలి, బీపీ పడిపోతుంది. దారిలో చిన్న లైటు వెలగనివ్వండి.

తెనాలి_మాస్టారు
పగలు ఎండలో కూర్చోవడం కూడా రాయమ్మా. పొద్దున నడక, ఎండ, మధ్యాహ్నం కునుకు అరగంటకి మించకుండా చూసుకోవడం. ఇది మొదలెట్టాక నాకు రాత్రి మొదటి సగమైనా గాఢంగా పడుతోంది.

కర్నూలు_కిరణ్
చిన్న సంగతి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో పార్కిన్సన్స్ కూడా ఉంది. సదరం శిబిరంలో చూపించి సర్టిఫికెట్టు తీసుకోవచ్చు. చాలామందికి తెలీదు. వివరాలు కావాలంటే వేరే దారం మొదలుపెడతాను, ఇక్కడ కలిపితే పద్మగారి విషయం పక్కకి పోతుంది.

పాలకొల్లు_పద్మ
వేరే న్యూరాలజిస్టుకి చూపించాం. వారం రోజుల కాగితం, వీడియో ఇచ్చాను. ఆయన వీడియో రెండుసార్లు చూశారు, అమ్మని కూడా కూర్చోబెట్టి అడిగారు. ఆర్‌బీడీ అన్నారు. గురక ఉంది కాబట్టి క్లోనజెపామ్ ఇప్పుడే వద్దని మెలటోనిన్ 3 రాశారు. పడుకునే ముందు సీఆర్ మాత్ర కలిపారు, పగటి మాత్రలు భోజనానికి దూరంగా జరిపారు. నిద్ర పరీక్ష ఖర్చు ఎక్కువ, గురక తగ్గకపోతే అప్పుడు చూద్దామన్నారు.

తన్నడం పూర్తిగా పోలేదు, అరుపులు తగ్గాయి. ఒంటేలుకి లేవడం కూడా తగ్గింది. పట్టుపంచె దొరక్క అమ్మ తన పాత ధర్మవరం చీర అంచు విప్పేసి పరిచింది. నాన్నగారు మొన్న అమ్మని లేపకుండా తనంతట తనే తిరిగి పడుకున్నారు. పొద్దున ఆ మాట అందరికీ చెప్పుకున్నారు. శనివారం రాత్రులు నేను వెళ్ళి అక్కడే పడుకుంటున్నాను, అమ్మ పక్కగదిలో.

తెనాలి_మాస్టారు
ధర్మవరం చీర మీద నిద్ర! నాన్నగారికి నాకంటే రాజభోగం.

శీను_కూకట్‌పల్లి
ఒక సందేహం. అరుస్తున్నప్పుడు పట్టుకుని లేపాలా, వదిలెయ్యాలా? మామగారిని మా బావమరిది గట్టిగా పట్టుకుంటే ఇంకా తిరగబడ్డారు.

న్యూరో_నర్సు_విజయ
పట్టుకోవద్దు. కలలో శత్రువే పట్టుకున్నాడనుకుంటారు. దూరంగా నిలబడి పేరు పెట్టి, వరస పెట్టి పిలవండి. లైటు వెయ్యండి.

కరీంనగర్_స్వప్న
ఆలస్యంగ చూసిన ఈ దారం. మా అమ్మకు తన్నుడు లేదు, కలలు లేవు. మంచంల పండంగనే పిక్కలల్ల ఏదో పాకినట్టు అయితదట, కాళ్ళు ఊపుకుంటనే ఉంటది, లేచి ఇంట్ల తిరిగితే తగ్గుతదట. రాత్రి ఒంటిగంట దాక ఇదే పని. ఇదేంది?

న్యూరో_నర్సు_విజయ
కాళ్ళు ఆగని జబ్బు అంటారు, ఆర్‌ఎల్‌ఎస్. పార్కిన్సన్స్‌తో పాటు ఉండొచ్చు, రాత్రి మందు దిగిపోయినప్పుడు కూడా ఇలాగే ఉంటుంది. ఫెరిటిన్ పరీక్ష చేయించారా?

కరీంనగర్_స్వప్న
లేదక్కా. హిమోగ్లోబిన్ మంచిగనే ఉన్నదన్నరు.

న్యూరో_నర్సు_విజయ
హిమోగ్లోబిన్ బాగున్నా ఒంట్లో ఇనుము నిల్వ తక్కువ ఉండొచ్చు, అది ఫెరిటిన్‌లోనే తెలుస్తుంది. చేయించి రిపోర్టుతో డాక్టరు దగ్గరికెళ్ళండి, ఐరన్ మాత్రలు మీరే మొదలెట్టొద్దు. సిండోపాతో కలిపి వేస్తే మందు ఒంటికి పట్టదు, రెండిటికీ మధ్య వ్యవధి ఉండాలి. సాయంత్రం కాఫీ తాగుతారా అమ్మ?

కరీంనగర్_స్వప్న
చాయ్. పొద్దుమీకి రెండుసార్లు. రేపు రక్తం ఇప్పిస్త, రిపోర్టు వచ్చినంక ఇక్కడ్నే పెడత.